పరాయి కుట్టు

నా భార్య జాకెట్టులో పరాయి కుట్టు కనిపించిన రోజున నేను దండెం మీంచి బట్టలు తీస్తున్నాను. అరకులో మాఘమాసపు ఎండను నమ్ముకుంటే బట్టలు ఆరవు. మూడు దాటితే కొండ నీడ పెరట్లోకి దిగిపోతుంది, ఆరిన బట్ట కూడా మళ్ళీ చెమ్మ పట్టేస్తుంది. అందుకని సంత లేని రోజుల్లో బట్టలు తీసే పని నాది. ఆకుపచ్చ జాకెట్టు తిరగేసి ఆరేసి ఉంది. మడత పెడుతూ చంక కింద కుట్టు మీద వేలు వేశాను. వేలు అక్కడే ఆగిపోయింది.

నేను టైలర్ని. నా భార్య ప్రభుత్వ నర్సు, వారంలో ఐదారు రోజులు టీకాల పెట్టె భుజాన వేసుకుని కొండల మీది ఊళ్ళకు తిరుగుతుంది. మాది విజయనగరం అవతల. పెళ్ళయిన ఏడాదికే ఆమెకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది, నేను మిషను మూట కట్టుకుని ఆమె వెనకాలే వచ్చాను. పద్దెనిమిదేళ్ళయింది. పిల్లలిద్దరూ కొండ కింద హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. వారంలో నాలుగు రోజులు నాలుగు సంతల్లో నా మిషను ఉంటుంది. సంత టైలరింగ్ అంటే పట్నం టైలరింగ్ కాదు. పొద్దున్న గుడ్డ కొని తెస్తారు, సాయంత్రం జీపు కదిలేలోగా కుట్టి ఇవ్వాలి. ట్రయల్ లేదు, మళ్ళీ రండి అనడం లేదు. మనిషిని చూడగానే కొలత చెప్పేస్తానని నాకు పేరుంది. ఆ పేరు నేనే పెట్టుకున్నాను గానీ ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఏ టైలరైనా తన కుట్టు తాను గుర్తుపడతాడు. జాకెట్టుకి పక్కన లోపలికి వేలున్నర గుడ్డ వదలడం నా అలవాటు. ఇప్పుడక్కడ అరవేలు గుడ్డ మాత్రమే ఉంది. నా కుట్టు విప్పేశారు. సూది చిల్లులు మాత్రం చీమలబారులా మిగిలాయి. వాటికి అవతల కొత్త కుట్టు. దారం ఆకుపచ్చే, కానీ నా ఆకుపచ్చ కాదు. కుట్టు కూడా ఒక తీరున లేదు. నాలుగు పోట్లు దగ్గర దగ్గరగా, రెండు దూరంగా, మళ్ళీ మూడు దగ్గరగా. కింద దారం వదులై ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. మిషను కుట్టే, చేతి కుట్టు కాదు. అంటే ఎవడో మిషను ఉన్నవాడు.

ఇంకొకడైతే భార్య ఫోను తీసి చూసేవాడు. నేను బీరువా తీశాను. జాకెట్లన్నీ మంచం మీద పోసి ఒక్కొక్కటే తిరగేశాను. ఏడు జాకెట్లు. ఏడింటిలోనూ అదే కుట్టు.

టైలరు భార్య ఇంకో టైలరు దగ్గరికి వెళ్ళడమంటే ఏమిటో టైలర్లకే తెలుస్తుంది. వంటమనిషి పెళ్ళాం హోటల్లో తింటే ఆకలేసిందనుకోవచ్చు. ఇది అలా కాదు. జాకెట్టు వదులు చేయాలంటే కొలత తీయాలి, కొలత తీసేవాడు ఎంత దగ్గరగా నిలబడతాడో నాకు తెలుసు. నేనూ రోజుకి ఇరవై ముప్ఫై మంది దగ్గర అంత దగ్గరగానే నిలబడతాను. నా మనసులో ఏమీ ఉండదు. కానీ అది నా మనసు సంగతి.

ఆ సాయంత్రం ఆమె వచ్చి కాళ్ళు కడుక్కుని పొయ్యి వెలిగించింది. నేను ఏమీ అడగలేదు. అడగొచ్చు కదా అని మీరంటారు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది. చెప్పింది అబద్ధమైతే నాకెలా తెలుస్తుంది? కుట్టు అబద్ధం చెప్పదని నా నమ్మకం. అందుకని కూర్చుని పాత సంగతులు తవ్వుకోవడం మొదలుపెట్టాను. తవ్వితే చాలా దొరికాయి. నాలుగేళ్ళ కిందటి వరకూ జాకెట్టు కుట్టిచ్చిన ప్రతిసారీ, "జబ్బ కాడ పట్టేత్తందండీ, సెయ్యెత్తలేకపోతన్నాను" అని గొణిగేది. సంతల సీజను అవనీ చూద్దాం అనేవాణ్ని. సంతలకు సీజను ఉండదు, ప్రతి వారమూ సీజనే. తర్వాత ఎప్పుడో ఆ గొణుగుడు ఆగిపోయింది. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. దానికి తోడు, శనివారాలు ఆమె ఇంటికి ఆలస్యంగా వచ్చేది. ఆలస్యంగా వచ్చిన మనిషి అలసిపోయి రావాలి. శనివారాలు మాత్రం పోపు వేస్తూ కూనిరాగం తీసేది. ఇన్నాళ్ళూ అది నాకు వినసొంపుగా ఉండేది. ఆ రోజు మాత్రం ఆ రాగం చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

ఫోను చేసి ఎక్కడున్నావని అడుగుదామంటే కొండ మీద సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేని చోట ఉద్యోగం చేసే భార్యను అనుమానించడం చాలా సులువు. ఎవరికీ ఏ రుజువూ చూపించక్కర్లేదు.

మా నాలుగు సంతల్లో నేను కాక ఇంకొక్కడే టైలరున్నాడు. రెండు వేళ్ళ మందం మీసం, నీలం టార్పాలిన్, దానికి వేలాడదీసిన నిలువెత్తు అద్దం. ఆడవాళ్ళు జాకెట్టు పట్టుకుని ఆ అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకుంటారు. నా దగ్గర అద్దం లేదు. బాగుందమ్మా అని నేనే చెప్పేస్తాను. మనిషి మంచివాడే. ఒకసారి నా మిషను షటిల్ విరిగిపోతే అడగకుండానే తనది తెచ్చి ఇచ్చాడు. అనుమానం పుట్టిన తర్వాత ఆ షటిల్ సంగతి కూడా నాకు వేరేగా కనిపించింది. అడగకుండా ఎందుకిచ్చాడు?

వాడి కుట్టు నమూనా కావాలి. నా చొక్కా జేబు నేనే చించుకుని, సంతలో టీ కాచే అమ్మ చేతికిచ్చి, ఇది నీ మొగుడిదని చెప్పి కుట్టించుకు రమ్మన్నాను. ఆమె నా మిషను కేసి ఒకసారి, నా మొహం కేసి ఒకసారి చూసి వెళ్ళింది. కుట్టి తెచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. గీత గీసినట్టుంది కుట్టు. కింద దారం ఎక్కడా వదులు లేదు. ఉన్నమాట చెప్పాలంటే నా కుట్టు కంటే బాగుంది.

అది చూసి నాకు ఊరట కలగాలి. కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంత తిన్నగా కుట్టేవాడికి నా భార్య జాకెట్టు దగ్గరికి వచ్చేసరికి పోటు వంకర పోయిందంటే, చెయ్యి వణికిందన్నమాట. చెయ్యి ఎందుకు వణుకుతుంది? టైలరు బుర్ర ఒకసారి పెడదారి పడితే ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నెల రోజులు ఆ వణుకుడు చేతిని ఊహించుకుంటూ నాలుగు సంతలూ తిరిగాను. రెండు నిక్కర్లకు కాళ్ళు తిరగేసి కుట్టాను. ఇంట్లో అన్నం పెడితే తిన్నాను, ఇంకొంచెం వేసుకుంటారా అంటే వద్దన్నాను. ఆమె ఒకటి రెండుసార్లు, "ఒంట్లో బాలేదా ఏటి?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని నిర్ధారించుకుని తన పని తాను చూసుకుంది.

తర్వాత వచ్చిన శుక్రవారం అరకు సంతలో ఒక కొండామె హుక్కులు వేయించుకోవడానికి పాత జాకెట్టు తెచ్చింది. తిరగేశాను. అదే కుట్టు. నాలుగు దగ్గర, రెండు దూరం, కింద ఉచ్చులు. గంట తర్వాత ఇంకొకామె వచ్చింది. అదే కుట్టు. మధ్యాహ్నం లోపల ఐదుగురు. ఇంతమందితోనా అనుకున్నాను. నాకు మీసాల టైలరు మీద కోపం పోయి ఒకరకమైన భయం పట్టుకుంది. ఐదో ఆమెని ఉండబట్టలేక అడిగాను.

"ఇది ఎవరు కుట్టారమ్మా?"

"మావూర్లోనే బాబూ," అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నర్సమ్మ కూడా అక్కడే సేయించుకుంటాది."

ఎవడు వాడు అని నేను అడిగేలోపల ఆమె జీపు ఎక్కేసింది. ఆ ఊరు ఏదో నాకు తెలుసు. నా భార్య శనివారం టీకాలు వేసే ఊరు. పాపం మీసాల టైలరుకు ఈ కథలో ఏ భాగమూ లేదు. తన జేబు కుట్టుతో నేను నెల రోజులు కాపురం చేశానని ఇప్పటికీ అతనికి తెలియదు.

మర్నాడు శనివారం. ఆమె వెళ్ళిన రెండు గంటలకు బయలుదేరాను. మలుపు దాకా జీపు, అక్కణ్నించి గంటన్నర నడక. దారంతా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఎవరికీ కనపడకుండా వెళ్ళాలనుకున్నాను. కొండ మీద ఎవరికీ కనపడకుండా వెళ్ళడం కుదరదు. కనిపించిన ప్రతివాడూ పలకరించాడు.

"టైలరుబాబూ, ఏటిలాగొచ్చినారు?"

"కాఫీ ఎలా పండిందో చూద్దామని."

"కాఫీ ఏరడం అయిపోనాది కదా బాబూ."

అయితే చెట్లు చూస్తానన్నాను. చూడమన్నారు. ఇలా నలుగురికి చెప్పి ఊళ్ళోకి చేరేసరికి, నేను చెట్లు చూడ్డానికి వస్తున్నానన్న కబురు నాకంటే ముందు చేరిపోయింది.

ఊరు మొదట్లోనే మిషను చప్పుడు వినిపించింది. తొక్కుడు మిషను కాదు, చేత్తో తిప్పే పాత మిషను. టకటకా రెండు మూరలు నడిచి ఆగుతుంది. నవ్వులు వినపడతాయి. మళ్ళీ నడుస్తుంది. ఆ నవ్వుల్లో ఒకటి నా భార్యది. ఆమె అలా నవ్వుతుందని నాకు తెలుసు, కాకపోతే విని చాలా ఏళ్ళయింది.

ఎర్రమట్టి అలికిన అరుగు. దాని మీద నా భార్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉడకబెట్టిన కందికాయలు వలుచుకు తింటోంది. ఒంటి మీద జాకెట్టు లేదు. కొండ ముసలమ్మలు కట్టుకున్నట్టు చీర చుట్టి భుజం మీద ముడేసుకుంది. ఆమెకు ఎదురుగా నా వయసు మనిషి, తువ్వాలు తలకు చుట్టుకుని, మిషను పిడి పట్టుకుని తిప్పుతున్నాడు. సూది కింద ఆమె జాకెట్టు, నేను మొన్ననే కుట్టిచ్చింది. నాకు కనిపించింది ఇంతే. ఇది చాలనుకున్నాను.

"తియ్యరా చెయ్యి!" అని అరిచాను.

అతను నా కేసి చూశాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు. అరుగు స్తంభం వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఆపకు, మూల తిరగాల." అప్పుడు చూశాను. స్తంభం చాటున, మిషను మీదకి వంగి, రెండు చేతులతో గుడ్డ పట్టుకుని అతని పెళ్ళాం కూర్చుని ఉంది. కుట్టేది ఆమె. అతను పిడి తిప్పుతాడు, అంతే. ఇద్దరూ ఆ మూల తిరిగి, కుట్టు చివరిదాకా నడిపి, దారం తెంపి, అప్పుడు నా కేసి తిరిగారు. టైలరుగా నేను వాళ్ళని తప్పు పట్టలేను. కుట్టు మధ్యలో నేనూ ఆపను.

అక్కడితో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. బుద్ధున్నవాడు ఎవడైనా మూసుకుంటాడు. కానీ నెల రోజులుగా నోట్లో నానబెట్టుకున్న మాట, బయటికి రాక మానలేదు. వీడితో ఎన్నాళ్ళ నుంచి అని నా భార్యని అడిగాను. ఆ పక్కనే వాడి పెళ్ళాం ఉండగా, ఊరు ఊరంతా వినేలా అడిగాను.

నా భార్య చేతిలో ఉన్న కందికాయ పూర్తిగా వలిచి గింజలు అరుగు మీద పెట్టింది. మిషను మీంచి జాకెట్టు తీసుకుని ఇంట్లోకి వెళ్ళింది. తొడుక్కుని బయటికి వచ్చింది. సరిగ్గా అమరింది. దాన్ని కూడా గమనించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కొండ ఊళ్ళలో ఒక పద్ధతుంది. ఒక మనిషి మీద లేని నింద వేస్తే తప్పు కట్టాలి. కోడి, బియ్యం తెచ్చి, వండించి, నింద పడినవాళ్ళ పక్కన కూర్చుని ఊరందరితో కలిసి తినాలి. తిన్న తర్వాత ఆ మాట ఇంకెవరూ ఎత్తకూడదు. ఊరిపెద్ద వచ్చాడు. ముసలాయన, చెవిలో చుట్ట పెట్టుకుని ఉన్నాడు. సంగతంతా విన్నాడు. నన్ను తిట్టలేదు. వచ్చే శనివారం రెండు కోళ్ళు పట్టుకు రమ్మన్నాడు, ఒకటి మగవాడికి, ఒకటి అతని పెళ్ళానికి.

"మరి ఈవిడకో?" అని నా భార్యని చూపించి అడిగాను. నిజంగానే అడిగాను. రెండున్నాయి కదా, మూడోది కూడా తెచ్చేస్తే పోతుంది, ఒక్కసారే అయిపోతుందని.

ముసలాయన చుట్ట తీసి వెలిగించుకున్నాడు. "అది మా ఊరి తప్పు కాదు బాబూ. మీ ఇంటి తప్పు. అది నువ్వు మీ ఇంట్లో కట్టుకోవాల," అన్నాడు.

ఎలా కట్టాలో చెప్పలేదు.

దిగేటప్పుడు ఆమె ముందు, నేను వెనక. పెట్టె నేను మోస్తానన్నాను, ఇవ్వలేదు. సగం దారి దిగాక, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నా జాకెట్లు ఏ కొలతకి కుడతన్నారు?"

"నీ కొలతకే."

"ఎప్పుడు తీసినారు?"

నా కొలతల పుస్తకాల్లో మొదటి పుస్తకం, మొదటి పేజీ ఆమెదే. పెళ్ళయిన నెలలో తీశాను. ఆ పేజీ చూసే ఇన్నేళ్ళూ కత్తిరించాను. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు, పద్దెనిమిదేళ్ళు కొండలెక్కి దిగింది, నలభై దాటింది. సంతలో ముక్కూ మొహం తెలియని మనిషిని చూడగానే కొలత చెప్పేవాణ్ని, ఇంట్లో మనిషిని మాత్రం పెళ్ళినాటి కాగితం చూసి కుట్టాను.

"ఏళ్ళకేళ్ళు సెప్పినాను," అంది. "మీరినిపించుకోనేదు. ఆవిడ టీకాలప్పుడు సూసి, జబ్బ కాడ ఒరిసిపోయి పుండైపోనాది నర్సమ్మా, ఇప్పి వదులు సేత్తానంది. ఆయన తిప్పినాడు, ఆవిడ కుట్టినాది. ఆలిద్దరూ కుడతంటే సూడ్డం నాకు బాగుంటాది. అందుకే కూకుంటాను."

"నాకు చెప్పొచ్చు కదా."

"మీరు నన్నడగొచ్చు కదా," అంది. "గుడ్డల్నడిగినారు. సంతంతా అడిగినారు. నేను ఇంట్లోనే ఉన్నాను."

ఆ వణుకుడు చేతి సంగతి అప్పటికి నాకు అర్థమైంది. ఒకరు తిప్పి ఒకరు కుడితే పోటు ఒక తీరున రాదు. తిప్పేవాడు నవ్వినప్పుడు దూరం పడుతుంది. అది ఇద్దరి కుట్టు. నేను దాన్ని ఒక దొంగ మగాడి కుట్టుగా చదివాను. ఇరవై ఏళ్ళు ఒక్కణ్నే కూర్చుని కుట్టినవాడు ఇంకోలా ఎలా చదువుతాడు అని నాకు నేను సర్దిచెప్పుకుందామని చూశాను. సర్దుకోలేదు.

తర్వాతి శనివారం కోళ్ళు పట్టుకెళ్ళాను. వండారు, తిన్నాం. పిడి తిప్పే అతను నా పక్కనే కూర్చుని మిషనుకి ఏ నూనె మంచిదని అడిగాడు. చెప్పాను. అతని పెళ్ళాం నా ఆకులో ఇంకో ముక్క వేసింది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఈనాటి వరకూ ఎత్తలేదు. కొండ మీద నా పరువు ఒక్క భోజనంతో తిరిగొచ్చింది.

ఇంట్లో అలా జరగలేదు. సోమవారం ఆమె ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళి, వచ్చేటప్పుడు మూడు రెడీమేడ్ జాకెట్లు కొనుక్కొచ్చింది. అనడానికి నాకేం మిగిలింది? నాలుగు నెలలు అవే వేసుకుంది. శుక్రవారం సంతకు కూరగాయలకు వచ్చి నా మిషను ముందు నుంచే నడిచి వెళ్ళేది. టైలరు పెళ్ళాం రెడీమేడ్ జాకెట్టు వేసుకుందని అందరూ చూశారు. మీసాల టైలరు మాత్రం నా దగ్గరికి వచ్చి, ఖాళీ ఉన్నప్పుడు నర్సమ్మకి నేను కుట్టి పెట్టేదా అని ఎంతో మర్యాదగా అడిగాడు. వద్దన్నాను. ఆ నాలుగు నెలలూ ఆమె నాతో మాట్లాడింది. ఉప్పు అయిపోయిందని, పిల్లలకు ఫోను చేశానని, వాన వచ్చేలా ఉందని. గొడవ పడితే బాగుండునని నాకు ఏడుపొచ్చేది. ఆమె వదిలేసి వెళ్ళిపోతుందేమోనని కాదు. వెళ్ళకుండా ఇలాగే ఉండిపోతుందేమోనని.

ఆషాఢంలో ఒకరోజు నా మిషను మీద ఒక కాగితం పెట్టింది. టీకాల చీటీ వెనకవైపు. మిషను కుట్టే ఆ కొండామె తీసిన కొలతలు, నా భార్య రాత. చదివాను. ఛాతీ, నడుము, జబ్బ, అన్నీ నా పుస్తకంలో ఉన్న మనిషివి కావు. చివర ఒక వాక్యం రాసి ఉంది. ఎడమ భుజం కుడి భుజం కంటే వేలు కిందికి ఉంది, పెట్టె మోసి. నా పక్కనే నడిచే మనిషి భుజం వేలు మేర దిగిపోయిందన్న సంగతి నేను కాగితం మీద చదివి తెలుసుకున్నాను. రెండు భుజాలకు రెండు కత్తిరింపులు కత్తిరించి కుట్టాను. ఒక్క జాకెట్టుకి రెండు రోజులు పట్టింది. ఆమె తొడుక్కుని, చెయ్యి పైకెత్తి దించి, "బిగుతు నేదు," అంది.

ధైర్యం చేసి అప్పుడడిగాను. ఇంటి తప్పు ఎలా కట్టమంటావని.

"శనివారం నేనొచ్చినాక, ఎక్కడికెళ్ళావు, ఏటి సేసినావు అని అడగండి," అంది. "అనుమానం పెట్టుకుని కాదు. ఉత్తినే."

ఇంతేనా అనుకున్నాను. అడగడం మొదలుపెట్టాను. మొదట్లో నా గొంతు పోలీసువాడి గొంతులా ఉందని ఆమే నవ్వింది. ఆమె చెప్పేది. ఏ ఊళ్ళో ఎవరికి కవలలు, ఏ గుంటపిల్ల సూది చూసి చెట్టెక్కి కూర్చుంది, ఏ వాగు దాటుతుంటే చెప్పు కొట్టుకుపోయింది. నేను కాజాలు కుట్టడం ఆపి వినేవాణ్ని. కొన్నాళ్ళకు అదొక అలవాటయింది. అలవాటయ్యాక మరిచిపోవడం కూడా మొదలైంది, నా సంగతి నాకు తెలుసు కదా.

మొన్న ఆశ్వయుజంలో ఒక శనివారం దసరా బట్టల పని వెనకపడి, ఆమె ఎప్పుడొచ్చిందో కూడా చూడలేదు. వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, అన్నం వండింది, వడ్డించింది. తింటున్నాను. ఆమె కంచం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"ఇయ్యాల అడగరా?" అంది.

చెయ్యి కడుక్కున్నాను. ఏమైందని అడిగాను.

"ఏడు నెలల గుంటడు, జొరం. కర్రకి డోలీ కట్టి కొండ దింపుతన్నారు. కుదుపులకి ఏడుత్తంటే నేనెత్తుకున్నాను. వాగు కాడికొచ్చేతలికి పోనాడు." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి కేసే చూస్తోంది. "రోడ్డు దాకా అలాగే ఎత్తుకొచ్చినాను. ఎనకాల వత్తన్న ఆళ్ళమ్మకి సెప్పనేదు."

ఇలాంటివి ఇదివరకు కూడా జరిగాయా అని అడిగాను.

"జరగవా?" అంది.

మరి నాకెప్పుడూ చెప్పలేదేం అని అడగబోయి ఆగిపోయాను. పద్దెనిమిదేళ్ళుగా అలాంటి రోజుల్లో కూడా ఆమె ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాకు అన్నం వండి పెట్టింది. ఆ రోజుల్లో నేను తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళి కూర్చునేవాణ్ని.